ముప్పై లోపు వయసులో నడుముకి స్క్రూలా, ఆగి చూడటమా?

నిర్వాహకుడు

ఈ నెల చర్చకి కేసు ఇది. తరచూ వచ్చే రిపోర్టుల్లోంచి కలిపి రాసుకున్నదే తప్ప ఏ ఒక్కరిదీ కాదు.

వయసు 27, రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం. ఏడాదిన్నరగా నడుము నొప్పి. వారానికి రెండు మూడుసార్లు ఎడమ పిక్కదాకా లాగుతుంది. కాళ్ళలో బలం తగ్గలేదు. ఎంఆర్‌ఐలో ఎల్4-ఎల్5 (నడుములో అన్నిటికన్నా కింది రెండు పూసల మధ్య) డిస్క్ నల్లబడింది, ఎల్5-ఎస్1 (చివరి పూసకీ దాని కింది త్రికం ఎముకకీ మధ్య) డిస్క్ ఎడమవైపు ఉబ్బి ఎస్1 నరాన్ని ఆనుకుంది. ఒక సర్జన్ రెండు లెవెల్సూ కలిపి టీలిఫ్ చేద్దామన్నారు. అంటే డిస్క్‌లు తీసేసి, వాటి చోట కేజ్‌లు పెట్టి, స్క్రూలూ రాడ్లతో పూసల్ని అతికించే ఫ్యూజన్. ఇంకొకరు ఎండోస్కోపీలో ఉబ్బిన ముక్క తీస్తే చాలన్నారు. మూడోవారు మూడు నెలలు వ్యాయామం చేసి రమ్మన్నారు.

మీరైతే దేనివైపు, ఎందుకు? ఆసుపత్రుల పేర్లూ డాక్టర్ల పేర్లూ వద్దు. సొంత అనుభవాలకి వేరే థ్రెడ్ ఉంది.

చర్చతో సంబంధం లేని హెచ్చరిక ఒకటి. మూత్రం రాకుండా బిగుసుకుపోవడం, లేదా తెలియకుండా పోవడం, మలద్వారం చుట్టూ తొడల లోపలివైపు మొద్దుబారడం, రెండు కాళ్ళూ ఒకేసారి బలహీనపడటం, వీటిలో ఏది కనిపించినా ఇక్కడ పోస్టు పెట్టి జవాబు కోసం చూడకండి. ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్ళండి. వెన్ను చివరి నరాల గుత్తి నలిగితే 24 నుంచి 48 గంటల్లో ఒత్తిడి తీయాలి. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు తిరిగి రాకపోవచ్చు.

వైజాగ్_స్పైన్

నొప్పి మొత్తం వంద పాళ్ళనుకుంటే కాలికెన్ని, నడుముకెన్ని? ఈ ప్రశ్న అడగకుండా నేరుగా ఫిల్ము లైటుకి పెట్టి ఆపరేషన్ పేరు చెప్పేవాళ్ళ మాట పక్కన పెట్టండి. కాలికి 80, నడుముకి 20 అయితే నరం మీద ఒత్తిడి తీసే ఆపరేషన్ బాగా పనిచేస్తుంది. నడుముకే 80 అయితే అదే ఆపరేషన్ ఎంత చక్కగా చేసినా పేషెంటు ఆర్నెల్లకి అదే నొప్పితో తిరిగొస్తాడు. ఈ కేసులో లెక్క నడుమువైపే మొగ్గుతోంది.

తర్వాత ఒంటి పరీక్ష. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు ఎత్తితే 30 నుంచి 70 డిగ్రీల మధ్య నొప్పి మోకాలు దాటి పిక్కలోకీ పాదంలోకీ జివ్వుమని పాకాలి. తొడ వెనక కండరం బిగుసుకుపోవడాన్ని చాలామంది దీనితో కలిపేస్తారు, అది లెక్కలోకి రాదు. ఎస్1 నరం నలిగితే పాదం బయటి అంచు తిమ్మిరెక్కుతుంది, మడమ దగ్గర సుత్తితో కొడితే రావాల్సిన కుదుపు తగ్గుతుంది, ఒంటి కాలి మీద నిలబడి మునివేళ్ళపై వరసగా పదిసార్లు లేవలేరు. ఎల్5 అయితే పాదం పైభాగం మొద్దుబారుతుంది, బొటనవేలు పైకెత్తే బలం తగ్గుతుంది, మడమల మీద నడవలేరు. నొప్పి ఉన్న వైపు, పరీక్షలో దొరికిన నరం, ఎంఆర్‌ఐలో కనిపించిన లెవెల్, మూడూ ఒకటే అయితేనే కత్తి మాట. రెండు కలిసి మూడోది కలవకపోతే ఆగాలి.

కాబట్టి ఈ కేసుకి నా ఓటు: ఇప్పుడే ఆపరేషన్ వద్దు, రెండు లెవెల్స్ ఫ్యూజన్ అసలే వద్దు. అలాగని "కుర్రవాళ్ళకి స్క్రూలు ఎప్పుడూ వద్దు" అనేవాళ్ళతోనూ నేను లేను. అది తర్వాత రాస్తాను.

గణాంకం

"డిస్క్ నల్లబడింది" అన్న మాట దగ్గరే సగం మంది హడలిపోతారు. నలుపంటే డిస్క్‌లో నీరు తగ్గిందని, అంతే. అసలు నొప్పే లేని 3,110 మంది స్కానుల్ని కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది. ఇరవై ఏళ్ళ వయసులోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల, 30 శాతం మందికి ఉబ్బు కనిపించాయి. అంటే కాలేజీ క్లాసులో ముగ్గురిలో ఒకరికి ఇలాంటి రిపోర్టు వస్తుంది, వాళ్ళు క్రికెట్ ఆడుకుంటూ ఉంటారు. రేడియాలజిస్టు రాసిన "మల్టీలెవెల్ డిజెనరేటివ్ డిస్క్ డిసీజ్" (ఒకటికి మించి డిస్క్‌లు అరిగాయని) అన్న ముక్క చూసి ఇరవై ఏడేళ్ళ మనిషికి రెండు లెవెల్స్ అతికించడం నాకు అర్థం కాని లెక్క.

లీడ్స్_ఫిజియో

బ్రిటన్‌లో ఈ చర్చకి తావే లేదు. ఏ చికిత్స చేయాలో చెప్పే ఇక్కడి ప్రభుత్వ సంస్థ నైస్ 2016 మార్గదర్శకాల్లో ఒక్క ముక్కలో తేల్చింది: నడుము నొప్పికి ఫ్యూజన్ చేయకండి, చేస్తే పరిశోధనలో భాగంగానే చేయండి. డిస్క్ మార్పిడి ఆపరేషన్ కూడా వద్దంది.

ఊరికే అనలేదు. ఇక్కడే 349 మందిని రెండు వాటాలు చేసి, ఒకరికి ఫ్యూజన్, ఒకరికి గట్టి వ్యాయామ శిక్షణ ఇచ్చారు. 2005లో ఫలితాలు వచ్చాయి. రోజువారీ పనుల ఇబ్బందిని వంద మార్కులకి కొలిచే ఆస్వెస్ట్రీ స్కోరులో తేడా 4 పాయింట్లే. మనిషి జీవితంలో అది తెలిసేంత తేడా కాదు. నార్వేలో 64 మందితో చేసినదాంట్లో ఏడాది తర్వాత ఆ మాత్రం తేడా కూడా రాలేదు. ఒకవైపు స్క్రూలు, రక్తస్రావం, ఇన్ఫెక్షన్ భయం. ఇంకోవైపు చెమట. ఫలితం ఒకటే అయితే నేనేది చెప్తానో వేరే రాయక్కర్లేదు.

వైజాగ్_స్పైన్

లీడ్స్ మేడమ్ గారూ, ఆ 349 మంది లెక్కలో మీరు వదిలేసిన సంగతి ఒకటుంది. వ్యాయామం వాటాలో పడ్డవాళ్ళలో 28 శాతం మంది రెండేళ్ళ లోపే ఆపరేషన్ చేయించుకున్నారు. వాళ్ళ ఫలితాన్ని కూడా వ్యాయామం ఖాతాలోనే జమ చేశారు. స్వీడన్‌లో 294 మందితో చేసినది కూడా చెప్పాలి కదా. 2001లో వచ్చింది. ఫ్యూజన్ చేసినవాళ్ళకి నడుము నొప్పి 33 శాతం తగ్గితే, చేయనివాళ్ళకి 7 శాతమే తగ్గింది.

లీడ్స్_ఫిజియో

స్వీడన్‌లో ఆపరేషన్ లేనివాళ్ళకి ఇచ్చింది ఏమిటి సర్? అప్పటికే వాళ్ళకి పనిచేయని మామూలు ఫిజియోథెరపీ మళ్ళీ ఇచ్చారు. బ్రిటన్‌లో ఇచ్చింది మూడు వారాలు, వారానికి ఐదు రోజులు, మొత్తం దాదాపు 75 గంటలు. నొప్పి అంటే భయం పోగొట్టే కౌన్సెలింగ్ కూడా అందులోనే. పోటీకి బలహీనుణ్ణి నిలబెడితే ఎవరైనా గెలుస్తారు.

వైజాగ్_స్పైన్

ఒప్పుకుంటాను. అయితే ఆ 75 గంటలు మన దగ్గర ఎక్కడ దొరుకుతాయో కూడా మీరే చెప్పాలి. ఇక్కడ ఫిజియో అంటే పది రోజులు కరెంటు పెట్టించుకుని రావడమే. "వ్యాయామం చేశాను, తగ్గలేదు" అని వచ్చేవాళ్ళలో నిజంగా చేసినవాళ్ళు తక్కువ, నిజంగా చేయించినవాళ్ళు ఇంకా తక్కువ.

రుమటాలజీ_హనుమకొండ

ఇద్దరూ ఒక మెట్టు దాటేసి కొట్టుకుంటున్నారు. ఇరవై ఏడేళ్ళ వయసు, ఏడాదిన్నర నొప్పి. ఇది డిస్క్ నొప్పేనని ఎవరు తేల్చారు?

పొద్దున లేచాక అరగంట పైగా నడుము పట్టేసి ఉంటుందా? రాత్రి రెండో సగంలో నొప్పికి మెలకువ వస్తుందా? పడుకుంటే పెరిగి, లేచి తిరిగితే తగ్గుతుందా? పిరుదుల్లో ఒకసారి ఎడమ, ఒకసారి కుడి మారి మారి వస్తుందా? ఎప్పుడైనా కన్ను ఎర్రబడి, వెలుతురు చూడలేక యువైటిస్ అన్నారా? సోరియాసిస్ ఉందా? నొప్పి మాత్ర వేస్తే ఒకటి రెండు రోజుల్లోనే బాగా తేలిపోతుందా? ఇలాంటివి మూడు నాలుగు కలిస్తే ముందు యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్ను కీళ్ళు వాచి బిగుసుకుపోయే జబ్బు) అని అనుమానించాలి. ఇది మొదలయ్యేదే ఈ వయసులో, దీనికి మందులున్నాయి. సర్జన్ దగ్గరికి ముందు వెళ్ళిన పాపానికి దీన్ని డిస్క్ అనుకుని ఏళ్ళు గడిపేస్తారు.

మామూలు నడుము ఎంఆర్‌ఐలో త్రికం, తుంటి ఎముకలు కలిసే సాక్రోఇలియాక్ కీళ్ళు సరిగా పడవు. ఆ కీళ్ళకి విడిగా స్టిర్ సీక్వెన్స్‌తో (ఎముకలో వాపు తెల్లగా కనిపించేలా తీసే ఎంఆర్‌ఐ పద్ధతి) తీయమని రాయించుకోవాలి. తోడుగా ఒంట్లో వాపు ఉందా అని చూసే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, ఈ జబ్బుతో ముడిపడ్డ జన్యు గుర్తు హెచ్‌ఎల్‌ఏ-బీ27. బీ27 పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, నెగటివ్ వచ్చినంత మాత్రాన లేనట్టూ కాదు.

మన దేశంలో రెండోది టీబీ. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉంటే వెన్నుపూస టీబీ చూడాలి. పక్కపక్క పూసలూ మధ్య డిస్కూ కలిపి తినేస్తుంది. డిస్క్ అరుగుదలకి పక్క ఎముకల్లో వచ్చే మార్పు కూడా స్కానులో దీన్ని పోలి ఉండొచ్చు. అనుమానం ఉంటే సూదితో ముక్క తీసి పరీక్షకి పంపాకే మందులు.

ఇంకో మాట. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఫ్లోరైడ్ నీళ్ళ ఊళ్ళలో పెరిగినవాళ్ళయితే ముంజేయి ఎక్స్‌రే ఒకటి తీయించండి. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడి కనిపిస్తే వెన్నులో లిగమెంట్లు కూడా గట్టిపడి ఉండొచ్చు. అప్పుడు లెక్కలన్నీ మారతాయి.

వైజాగ్_స్పైన్

డాక్టర్ గారు చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కాదనను. దానికి నేను కలిపేది నిలబడి తీసే ఎక్స్‌రేలు. ముందుకి వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి. ఎంఆర్‌ఐ పడుకోబెట్టి తీస్తారు, పూస జారడం పడుకున్నప్పుడు సర్దుకుని కనిపించకుండా పోవచ్చు. ఎల్5 పూస వెనక సన్నని భాగం, పార్స్ అంటాం, చిన్నప్పుడే విరిగి అతుక్కోకపోతే ఆ పూస ముందుకు జారొచ్చు. ఫాస్ట్ బౌలర్లలో, జిమ్నాస్టుల్లో ఎక్కువ. అది తేలడానికి సన్నటి ముక్కల సీటీ కావాలి.

"ఎప్పుడూ వద్దు" అనేవాళ్ళతో నేను విభేదించేది ఇక్కడే. ఇలా పార్స్ విరిగి జారినవాళ్ళు 111 మందితో స్వీడన్‌లోనే చేసిన పరిశోధన 2000లో వచ్చింది. రెండేళ్ళ దగ్గర వ్యాయామం కన్నా ఫ్యూజన్ మెరుగ్గా ఉంది. వయసు 25 అయినా సరే, పూస జారుతూ నరాన్ని నలుపుతుంటే అతికించడమే దారి. పూస జారకుండా పార్స్ మాత్రమే విరిగి, డిస్క్ బాగుంటే, విరిగినచోటే స్క్రూ వేసి అతికించి కదలికని మిగుల్చుకోవచ్చు. ఇదెందుకు చెప్తున్నానంటే, "ఫ్యూజన్" అన్న పేరు ఒకటే, దాని వెనక జబ్బులు వేరు. వట్టి నల్ల డిస్క్‌కి చేసే ఫ్యూజన్ బలహీనమైన పందెం. జారిన పూసకి చేసేది అలా కాదు.

గణాంకం

పందెం అన్నారు కాబట్టి దాని వడ్డీ కూడా చెప్పండి. పూసలు అతికించాక ఆ కదలిక భారం పైనా కిందా డిస్క్‌ల మీద పడుతుంది. 2004లో వచ్చిన ఒక పరిశోధన అంచనా ప్రకారం పక్క లెవెల్‌కి మళ్ళీ ఆపరేషన్ అవసరమయ్యే జబ్బు 5 ఏళ్ళలో 16.5 శాతానికి, 10 ఏళ్ళలో 36.1 శాతానికి వస్తుంది. అరవై ఐదేళ్ళ మనిషికి పదేళ్ళు ఒక లెక్క. ఇరవై ఏడేళ్ళ మనిషికి ముందున్నవి యాభై.

వైజాగ్_స్పైన్

ఆ అంకెల్లో డిస్క్ ముసలిదవడం ఎంత, ఫ్యూజన్ తెచ్చిపెట్టింది ఎంత అని విడదీయడం కష్టం గణాంకం గారూ. కానీ దిశ సరైనదే. రెండు లెవెల్స్ వద్దని నేను మొదటే అన్నాను.

కరీంనగర్_ఫిజియో

75 గంటలు దొరకవు, ఒప్పుకుంట. దొరికినదాంతోటి ఎట్ల చెయ్యాలో చెప్తున్న.

పన్నెండు వారాలు పెట్టుకోవాలె. ట్రాక్షన్ (నడుము లాగుడు), అల్ట్రాసౌండ్, ఐఎఫ్‌టీ (కరెంటు పెట్టుడు), నెలల తరబడి బెల్టు, ఇవన్నీ బంద్. లీడ్స్ మేడమ్ చెప్పిన నైస్ మార్గదర్శకాల్ల గూడ వీటిని వద్దనే రాసిన్రు. పైసలు, టైము రెండూ అండ్లనే పోతయి, అసలు పని మిగిలిపోతది.

పొద్దున లేచినంక మొదటి గంట ముందుకు వంగొద్దు. రాత్రంతా పడుకునేసరికి డిస్క్ నీళ్ళు పీల్చి ఉబ్బి ఉంటది, అప్పుడు వంగితే వత్తిడి ఎక్కువ. బ్రష్ చేసేటప్పుడు సింకు మీద ఒక చెయ్యి ఆనించాలె. చెప్పులు కూర్చోని వేసుకోవాలె.

నడక మొదటి వారం రోజుకు మూడు సార్లు పది నిమిషాల చొప్పున. ఆరో వారానికి ఒక్కసారే 30 నిమిషాలు, వారానికి ఐదు రోజులు. ఆస్ట్రేలియాల 701 మందితోటి చేసిన పరిశోధన 2024ల వచ్చింది. ఈ లెక్కన నడిచినోళ్ళకు నొప్పి తిరగబెట్టడానికి సగటున 208 రోజులు పట్టింది, నడవనోళ్ళకు 112.

వ్యాయామాలు మూడే. మోకాలు ఒకటి మడిచి, నడుము కింద చేతులు పెట్టి తల, భుజాలు కొంచెం లేపుడు. పక్కకు పడుకోని మోచేతి మీద ఒళ్ళు లేపుడు. నాలుగు కాళ్ళ మీద ఉండి ఎదురెదురు చెయ్యి, కాలు చాపుడు. ఒక్కొక్కటి పది సెకన్లు పట్టి ఉంచాలె, ముందు ఆరు సార్లు, ఆగి నాలుగు, ఆగి రెండు. ఊపిరి బిగపట్టొద్దు. నాలుగో వారం నుంచి బరువు. తుంటి దగ్గర మడిచి, నడుము మడవకుండ ఖాళీ బకెట్ లేపుడు నేర్చుకోవాలె. అది సాఫీగ వచ్చినంక అయిదు లీటర్ల నీళ్ళు, తర్వాత పది. చాలామంది ఇక్కడికి రాకముందే ఆపేస్తరు. "బరువు ఎత్తొద్దు" అని ఎవరో ఒకసారి చెప్పిన్రు, అది జన్మంతా పట్టుకుంటరు. నడుము ఇంక ఇంక బలహీనమైతది.

నొప్పి కొంచెం పెరుగుడు మామూలే. చేసిన మరుసటి రోజు పొద్దటికల్ల తగ్గిపోతే అదే మోతాదు నడిపించాలె. తగ్గకపోతే సగం చెయ్యాలె. కానీ కాలు నొప్పి పిక్క నుంచి పాదానికి దిగుతుంటే ఆ వ్యాయామం ఆపాలె. కాలు నుంచి నడుము దిక్కు వెనక్కు వస్తుంటే మంచి గుర్తు, నడుముల కొంచెం పెరిగినా భయపడొద్దు.

ఓటీ_సిస్టర్

రెండో డాక్టరు చెప్పిన ఎండోస్కోపీ గురించి ఎవరూ రాయలేదు, అందుకని రాస్తున్నాను.

మైక్రో డిస్కెక్టమీ అంటే రెండు మూడు సెంటీమీటర్ల కోత, పూర్తి మత్తు, మైక్రోస్కోపు కింద నరాన్ని పక్కకి జరిపి ముక్క తీయడం. ఎండోస్కోపీలో కోత సెంటీమీటరు కూడా ఉండదు, పక్కనుంచి వెళ్తే లోకల్ మత్తు చాలు, పేషెంటు మాట్లాడుతూనే ఉంటారు. నెదర్లాండ్స్‌లో 613 మందితో రెండింటినీ పోల్చి చూస్తే ఏడాది దగ్గర కాలు నొప్పి విషయంలో ఎండోస్కోపీ వెనకబడలేదు. 2022లో వచ్చిందా ఫలితం. కాబట్టి "ఎండోస్కోపీ అయితే మంచిది" అని పేరు చూసి వెళ్ళొద్దు, చేసే చేయి చూడండి. నేర్చుకునే దశలో ముక్క లోపల మిగిలిపోవడం ఎక్కువ. ఎల్5-ఎస్1 దగ్గర ఇంకో చిక్కుంది. తుంటి ఎముక ఎత్తుగా ఉన్నవాళ్ళకి పక్కనుంచి గొట్టం దూరదు, వెనకనుంచే వెళ్ళాలి. మీ ఎక్స్‌రేలో తుంటి ఎముక ఎంత ఎత్తుందో చూశారా అని అడగండి, చూసినవాళ్ళు వెంటనే చెప్తారు.

కొందరికి ఐదో పూస త్రికంలో కలిసిపోయి ఉంటుంది, కొందరికి ఆరో పూసలాంటిది ఉంటుంది. ఎంఆర్‌ఐ రిపోర్టులో ఎల్5 అన్నది, బల్ల మీద సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్ గదిలోని ఎక్స్‌రే యంత్రం) లెక్కపెట్టిన ఎల్5 ఒకటి కాకపోతే తప్పు లెవెల్ తెరుస్తారు. మొత్తం వెన్ను కనిపించే ఒక స్కౌట్ చిత్రం తీసి పైనుంచి లెక్కపెట్టారా అని ముందు రోజే కనుక్కోండి.

టీలిఫ్‌లో ఒక లెవెల్‌కి నాలుగు స్క్రూలు, రెండు రాడ్లు, ఒక కేజ్. రెండు లెవెల్స్‌కి ఆరు స్క్రూలు. ఒకవైపు కీలు తీసేసి దారి చేసుకుంటారు, ఆ తీసిన ఎముకనే పొడి చేసి కేజ్‌లో, చుట్టూ నింపుతారు. స్క్రూలు అతికించవు, ఎముక అతుక్కునేదాకా పట్టి ఉంచుతాయంతే. అతుక్కోవడానికి 6 నుంచి 12 నెలలు. అతుక్కోకపోతే స్క్రూలు వదులవుతాయి, విరుగుతాయి కూడా. సిగరెట్, గుట్కా, నికోటిన్ ఏ రూపంలో ఉన్నా అతుకు పడే అవకాశం తగ్గుతుంది. ముందు కనీసం ఆరు వారాలు మానాలి, తర్వాత ఎముక పట్టేదాకా ముట్టకూడదు. షుగర్ ఉంటే అదుపులోకి తెచ్చుకునే రావాలి.

ఇంటికెళ్ళాక చూసుకోవాల్సినవి చెప్తాను. గాయం నుంచి నీళ్ళలాంటి ద్రవం కారుతూ, లేచి కూర్చుంటే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గుతుంటే నరాల పొర చిరిగి ఉండొచ్చు. రెండు నుంచి నాలుగు వారాల మధ్య కాలు నొప్పి తగ్గినా నడుములో మంచం మీద పక్కకి తిరగలేనంత నొప్పి మొదలైతే డిస్క్‌లో ఇన్ఫెక్షన్ అనుమానించాలి, జ్వరం లేకపోయినా సరే. సీఆర్‌పీ చేయించండి. కొన్ని రోజులు బాగుండి ఉన్నట్టుండి అదే కాలి నొప్పి తిరిగొస్తే ముక్క మళ్ళీ జారిందేమో చూడాలి. ఇలా తిరిగి జారడం నూటికి 5 నుంచి 15 మందిలో జరుగుతుంది. డిస్క్ పొరలో పెద్ద రంధ్రం ఉన్నవాళ్ళకి ఇంకా ఎక్కువ.

గణాంకం

"ఎంతకాలం ఆగాలి" అనేదానికి సమాధానం కాలు నొప్పికి వేరు, నడుము నొప్పికి వేరు. నెదర్లాండ్స్‌లోనే 283 మంది, కాలు నొప్పి మొదలై 6 నుంచి 12 వారాలైనవాళ్ళు. వెంటనే ఆపరేషన్ చేస్తే సగం మంది 4 వారాల్లో కోలుకున్నారు, ఆగినవాళ్ళకి 12 వారాలు పట్టింది. ఏడాది తిరిగేసరికి రెండు వైపులా 95 శాతం బాగున్నారు. ఆగినవాళ్ళలో 39 శాతం మంది మధ్యలో ఆపరేషన్‌కి వెళ్ళారు. కాబట్టి మొదటి మూడు నెలల్లో ఆపరేషన్ కొనిపెట్టేది తొందర. ఉద్యోగం పోయేలా ఉంటే ఆ తొందరకీ విలువుంది, కాదనను.

4 నుంచి 12 నెలలు దాటినవాళ్ళతో కెనడాలో చేసింది 2020లో వచ్చింది, 128 మంది. ఆరు నెలల దగ్గర కాలు నొప్పి పదికి 2.8 ఆపరేషన్ చేసినవాళ్ళకి, 5.2 చేయనివాళ్ళకి. ఇక్కడ కత్తి స్పష్టంగా గెలిచింది.

బయటకి తెగి పడిన ముక్కలు ఉబ్బుకన్నా త్వరగా కరుగుతాయన్నది కూడా గుర్తుంచుకోండి. తెగి విడిపోయిన ముక్క 96 శాతం కేసుల్లో తగ్గింది, వట్టి ఉబ్బు 13 శాతంలోనే. రిపోర్టులో భయంకరంగా రాసిందే తొందరగా మాయమవుతుంది, ఇది చాలామందికి వింతగా ఉంటుంది.

వైజాగ్_స్పైన్

వ్యాయామానికీ ఆపరేషన్‌కీ మధ్యలో సూది ఉంది. నరం బయటికొచ్చే రంధ్రం దగ్గర ఎక్స్‌రే చూస్తూ స్టెరాయిడ్, లోకల్ మత్తు కలిపి వేస్తాం. కాలి నొప్పికి బ్రిటన్‌లో 163 మందితో ఇదీ మైక్రో డిస్కెక్టమీ పోటీ పెడితే 18 వారాల దగ్గర తేడా తేలలేదు, 2021లో. నాకు దీనిలో ఇంకో లాభం కనిపిస్తుంది. ఎస్1 నరం చుట్టూ మత్తు వేశాక ఆ గంటా రెండు గంటల్లో కాలి నొప్పి పోతే నేరస్తుడు ఆ నరమే. పోకపోతే అక్కడ ఆపరేషన్ చేసినా పోదు. రేణువులున్న స్టెరాయిడ్ కన్నా రేణువుల్లేని డెక్సామెథసోన్ అడగండి, రక్తనాళంలోకి పొరపాటున వెళ్ళినా ప్రమాదం తక్కువ. నరాల నొప్పి మందు ప్రీగాబలిన్ కాలి నొప్పికి రాయడం అలవాటైపోయింది, 2017లో 209 మంది మీద చూస్తే ఖాళీ మాత్ర కన్నా మేలు చేయలేదు, తల తిరగడం మాత్రం ఎక్కువ.

డిస్క్‌లోకి రంగు ఎక్కించి నొప్పి వస్తుందా అని చూసే డిస్కోగ్రఫీ చేయిద్దామంటే నేనైతే వద్దంటాను. సూది పడిన డిస్క్‌లు పదేళ్ళలో పక్కవాటికన్నా త్వరగా అరిగాయని తేలింది.

ఎడిసన్_నుంచి

అమెరికాలో కుర్రవాళ్ళకి ఫ్యూజన్ బదులు కృత్రిమ డిస్క్ అంటారు. 2004లో చారిటే, 2006లో ప్రోడిస్క్-ఎల్ అనుమతి పొందాయి. కదలిక మిగులుతుంది కదా, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరేం?

వైజాగ్_స్పైన్

తీసుకోవాలి, కానీ జల్లెడ సన్నం. వెనక కీళ్ళు అరిగి ఉండకూడదు, పూస జారి ఉండకూడదు, ఎముక గట్టిగా ఉండాలి, పాత ఇన్ఫెక్షన్ ఉండకూడదు. నార్వేలో 173 మందికి డిస్క్ మార్పిడిని వ్యాయామంతో పోల్చి చూశారు. ఆస్వెస్ట్రీలో 8.4 పాయింట్ల మేలు. తెలిసేంత తేడా 10 అని వాళ్ళు ముందే పెట్టుకున్నారు.

దారి పొట్టవైపునుంచి. పెద్ద రక్తనాళాలు పక్కకి జరపాలి, వాస్క్యులర్ సర్జన్ పక్కనుండాలి. ఇరవైల్లో ఉన్న మగపిల్లలకి ఇంకో మాట ముందే చెప్పాలి. ఎల్5-ఎస్1 ముందున్న సన్నటి నరాలు దెబ్బతింటే వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్తుంది. అందరికీ జరగదు, కానీ పెళ్ళి, పిల్లలు ముందున్నవాళ్ళు వీర్యం దాచుకునే అవకాశం గురించి అడిగి తెలుసుకోవాలి. మళ్ళీ తెరవాల్సి వస్తే ఆ రక్తనాళాలు మచ్చలతో అతుక్కుని ఉంటాయి, మొదటిసారికన్నా చాలా ప్రమాదం. ఆడపిల్లలు అడిగే ప్రశ్నకి కూడా ఇక్కడే జవాబు: వెనక స్క్రూలున్నంత మాత్రాన మామూలు కాన్పు కాదనేది అపోహ. వెన్నుకి మత్తు ఇచ్చే డాక్టరుకి మాత్రం ముందే చెప్పి, ఎక్స్‌రే చూపించాలి.

బీమా_లెక్కలు

ఆరోగ్య సంజీవని లాంటి ప్రామాణిక పాలసీల్లో డిస్క్ జారడం, వెన్ను జబ్బులకి 24 నెలల వెయిటింగ్ (పాలసీ కొన్నాక క్లెయిమ్ ఇవ్వని గడువు) ఉంటుంది, యాక్సిడెంటయితే తప్ప. ముందే ఉన్న జబ్బుకి 2024 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 36 నెలలు. ఎంఆర్‌ఐ తీయించాక కొత్త పాలసీ కొని దాచిపెడితే క్లెయిమ్ రోజు పాత తేదీలు బయటపడతాయి. కంపెనీ గ్రూపు పాలసీల్లో చాలావాటికి ఈ వెయిటింగ్ ఉండదు. అందువల్ల ఉద్యోగం మారే ఆలోచన ఉంటే, పాత గ్రూపు నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలుందేమో చివరి పనిదినం లోపే రాతపూర్వకంగా అడగండి. జీతం 21,000 లోపైతే ఈఎస్‌ఐ ఉంటుంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలైంది. ఆంధ్రలో ఎన్టీఆర్ వైద్య సేవ. రెండింట్లోనూ ముందస్తు అనుమతి వచ్చాకే చేరాలి.

ఎస్టిమేట్‌లో ఇంప్లాంట్ ధర విడిగా రాయమనండి, కంపెనీ పేరు, స్క్రూల సంఖ్యతో సహా. స్టెంట్లకీ, మోకాలి ఇంప్లాంట్లకీ 2017లో ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది. వెన్ను స్క్రూలు, కేజ్‌లు ఆ జాబితాలో లేవు. బిల్లు ఎగిరేది అక్కడే.

లీడ్స్_ఫిజియో

రెండు లెవెల్స్ అన్న సర్జన్‌కి ఆ ఆరు స్క్రూలు ఏ లెక్కన తోచాయో బీమా గారి పోస్టు చదివాక అర్థమవుతోంది.

వైజాగ్_స్పైన్

అంత మాట తొందరపడి అనకండి మేడమ్. నిలబడి తీసిన ఎక్స్‌రేలో ఎల్4-ఎల్5 కదులుతూ కనిపించి ఉంటే ఆయన మాటకి అర్థం ఉండొచ్చు. కేసులో ఆ ఎక్స్‌రే గురించే లేదు. ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలు రెండు. ఎల్4-ఎల్5లోంచి నొప్పి వస్తోందని ఎలా తేల్చారు? ఎల్5-ఎస్1 ఒక్కటి చేస్తే ఎందుకు చాలదు? రెండింటికీ "ఎంఆర్‌ఐలో నల్లగా ఉంది" అన్న జవాబే వస్తే అప్పుడు మీ అనుమానంతో నేనూ కలుస్తాను.

నిర్వాహకుడు

కేసులో లేనివి, మీరు అడిగినవి ఇవి: నిలబడి వంగిన ఎక్స్‌రేలు, సాక్రోఇలియాక్ స్టిర్, ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ, కాలు ఎత్తే పరీక్ష ఫలితం, పొద్దుటి పట్టేయడం ఎంతసేపు, ఎన్ని గంటల వ్యాయామం నిజంగా జరిగింది. ఇవి చేర్చి అదే కేసుని రెండు రకాలుగా, ఒకటి పూస కదులుతూ, ఒకటి కదలకుండా, సోమవారం మళ్ళీ పెడతాను. వైజాగ్ సర్, లీడ్స్ మేడమ్, రెండింటికీ విడివిడిగా ఓటేయండి.